పాస్టరుగారి తల్లిగారి జ్ఞాపకార్థం

శనివారం మధ్యాహ్నం. చర్చిని ఆనుకుని ఉన్న పాస్టరుగారి ఇంట్లో, ముందుగదిలో, నిన్ననే దిగిన కొత్త పుస్తకాల బీరువాకి చెరోవైపు నిలబడి మొగుడూ పెళ్లాం.

“దుప్పటి కప్పితే సరిపోతుందంటావా?”

“సరిపోకపోతే ఇంత బీరువాని మంచం కిందకి తోస్తామా? ఆ కొస ఇటు లాగండి. ఇత్తడి పలక కనిపిస్తోంది.”

“దాన్ని నిన్నే బిగించాలా? రేపు ప్రతిష్ఠ అయ్యాక బిగించవయ్యా అని ఆ వడ్రంగికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను.”

“వడ్రంగిని ఎందుకు ఆడిపోసుకుంటారు? పలక మీద ఏం రాయిద్దామని సంఘపెద్దలు అడిగితే, తల వంచుకుని ‘మీ ఇష్టమండీ’ అన్నదెవరు? ‘పాస్టరుగారి తల్లిగారి జ్ఞాపకార్థం’. ఆ తల్లిగారేమో ఇప్పుడు బస్సులో ఉన్నారు. కిటికీ పక్క సీటు దొరికిందని ఫోను చేసి మరీ చెప్పారు.”

“మెల్లగా మాట్లాడు.”

“ఎవరు వింటారని? పోయినవాళ్లా?”

“నీకు వేళాకోళంగా ఉంది.”

“వేళాకోళం కాదు, వణుకు. అసలు ఆ ఆదివారం మీరు ఏం చెప్పారో సరిగ్గా చెప్పండి. పిల్లకి జ్వరమని నేను ఇంట్లోనే ఉండిపోయాను. ఆ తర్వాత చర్చిలో ప్రతివాళ్లూ నా చెయ్యి పట్టుకుని ‘ఎంత ప్రార్థనాపరురాలమ్మా, ఎంత ఎదురుచూసిందమ్మా’ అంటుంటే, మా అమ్మమ్మ గురించి కాబోలు అనుకుని నేనూ కళ్లు తుడుచుకున్నాను.”

“తల్లిదండ్రుల్ని గౌరవించమన్న ఆజ్ఞ మీద చెప్పాను. దానికి ఎంత కష్టపడ్డానో తెలుసా? మూడు వ్యాఖ్యానాలు చదివాను. ఆ ఆజ్ఞ అసలు చిన్నపిల్లలకి కాదు, ఎదిగిన కొడుకులకి, ముసలి తల్లిదండ్రులున్నవాళ్లకి అని మూడింట్లోనూ ఉంది. బైబిలు నిఘంటువు చూశాను. గౌరవించడమంటే దణ్ణాలూ కబుర్లూ కాదు, వెళ్లి చూసుకోవడం అని ఉంది. అన్నీ రాసుకున్నాను. కానీ...”

“కానీ?”

“వ్యాఖ్యానాలు వినిపిస్తే జనం కునుకు తీస్తారు. నీకు తెలుసుగా, ఎడమవైపు వరసలన్నీ ఒకేసారి ఒరిగిపోతాయి. అందుకని ఉదాహరణల పుస్తకం తీశాను.”

“ఆ అట్ట ఊడిపోయిన పుస్తకమేనా?”

“అది లేని ప్రసంగీకుడు ఉండడు. ఏ అంశం కావాలంటే ఆ అంశం. కోపం, క్షమాపణ, తల్లి. తల్లి కిందే బోలెడు కథలున్నాయి.”

“అన్నింట్లోకీ వెతికి వెతికి చచ్చిపోయిన తల్లిని పట్టుకున్నారు.”

“బతికున్న తల్లి కథకి ఎవరూ ఏడవరే.”

“అబ్బ! ఇంతకీ ఏంటా కథ?”

“కొడుకు పాస్టరు. దూరంగా ఉంటాడు. పాస్టర్లకి సోమవారమేగా సెలవు. ‘వచ్చే సోమవారం వస్తానమ్మా’ అంటుంటాడు. ఏదో ఒక ప్రార్థన కూటం అడ్డొస్తుంది. ఆవిడ మాత్రం ప్రతి సోమవారం రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంటుంది. కాసేపు చూసి, ఒక కంచంలో తాను తిని, రెండోది కడిగి బోర్లిస్తుంది. ఒక సోమవారం పక్కింటివాళ్లు తలుపు కొడితే...”

“తియ్యలేదు.”

“తియ్యలేదు. లోపలికి వెళ్లి చూస్తే, బల్ల మీద రెండు కంచాలూ అలాగే ఉన్నాయి. ఒక్కటీ ముట్టుకోలేదు.”

“ఊరుకోండి. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.”

“చూశావా! చూశావా! అదే నేననేది.”

“సంబరపడకండి. ఆ మాటేదో ‘ఎక్కడో ఒక పాస్టరుగారు ఉండేవారు’ అని చెప్పొచ్చుగా? ‘మా అమ్మ’ అని ఎందుకన్నారు?”

“పుస్తకంలో ‘మా అమ్మ’ అనే ఉంది. రాసినాయనకి వాళ్లమ్మ. నేను చూసి చదివాను. సగంలో తలెత్తితే ముందువరసలో దర్జీ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అప్పుడు ఆపి, ‘ఏడవకు నాయనా, ఈవిడ మా అమ్మ కాదు, పుస్తకం రాసినాయన వాళ్లమ్మ’ అని చెప్పమంటావా?”

“చెప్పాలి.”

“పరిశుద్ధాత్మ పనిచేస్తోంది అక్కడ!”

“ఆయన పని ఆయన చేశాడు. ఆ దర్జీ మర్నాడే వెళ్లి వాళ్లమ్మని ఇంటికి తెచ్చుకున్నాడు. బస్సు డ్రైవరు సెలవు పెట్టి వెళ్లాడు. తల్లితో మాటల్లేని ఆ టీచరమ్మ కూడా వెళ్లొచ్చింది. సంఘంలో సగంమంది అమ్మల్ని చూసొచ్చారు. మరి మీరు?”

“నేను మరుసటి ఆదివారానికి ప్రసంగం తయారుచేసుకోవాలి కదా.”

“మనం ఆవిణ్ణి చూసి ఎన్నాళ్లయింది?”

“మొన్నేగా. మా చెల్లి పెళ్లికి.”

“మీ చెల్లి కొడుకు బళ్లో చేరాడు.”

“చేరాడా?”

“దేవుడికి ఇచ్చేశాం, మీకేం లేదు పొమ్మని తల్లిదండ్రులకి ఎగ్గొట్టేవాళ్లని ప్రభువు తిట్టాడని, ఆ కాలం మతపెద్దలు పరిసయ్యుల మీద ఒక పూటంతా చెప్పారు, గుర్తుందా?”

“అక్కడ సందర్భం వేరు. వాక్యాన్ని ఎప్పుడూ సందర్భంలో పెట్టి చూడాలి.”

“సందర్భం ఇంకాసేపట్లో ఆటో దిగుతుంది. ఏం చేద్దామో చెప్పండి. వెళ్లి పెద్దలతో నిజం చెప్పేస్తే?”

“చెప్తే? బీరువా పట్టుకుపోతారు. పోనీ అనుకో. బైబిలు కాలేజీలో చదువుకునేటప్పుడు లైబ్రరీ బీరువా అద్దం బయటనుంచి చూసి చొంగ కార్చుకున్న సంపుటాలు, ఇన్నాళ్లకి ఇంటికొచ్చాయి. అయినా పోనీ అనుకో. రేపటినుంచి నేను వేదిక ఎక్కి ఏం చెప్పినా, ‘ఇది నిజమా, తల్లి చావులాంటిదా?’ అంటారు. దర్జీ ఏమంటాడు? వాళ్లమ్మని మళ్లీ దింపేసి వస్తాడేమో! నా మాట పోతే వాక్యం కూడా పోతుందే. అదే నా భయం.”

“వాక్యం పోదులెండి. మీ మాటే పోతుంది.”

“ఒక్క రేపు గడిస్తే చాలు. అమ్మని చర్చికి రాకుండా ఇంట్లోనే ఉంచేద్దాం. ఎవరైనా చూస్తే మా పెద్దమ్మ అని చెబుదాం.”

“మీ ఇద్దరికీ ఒకటే ముక్కు. సంఘమేమన్నా గుడ్డిదా?”

“పెద్దమ్మకి మాత్రం ముక్కుండదా ఏంటి?”

“తలుపు తీసే ఉందని వచ్చేశాను. ఏంట్రా, ఇద్దరూ ఆ బీరువాకి కాపలా కాస్తున్నారు?”

“అమ్మా!”

“అత్తయ్యా! రండి, రండి. ఆ సంచి ఇలా ఇవ్వండి. బస్టాండుకి వద్దామని ఈయన అనుకుంటూనే...”

“అనుకుంటూనే ఉంటాడమ్మా. నాకు అలవాటే. పిల్లేదీ?”

“పడుకుంది అత్తయ్యా. లేపనా?”

“వద్దు, లేవనీ. ఏరా, చిక్కిపోయావు.”

“నువ్వు మాత్రం బాగున్నావమ్మా.”

“బాగుండక? నన్ను చూస్తే పోయిన మనిషిలా ఉన్నానా?”

“అమ్మా! ఏం మాటలవి!”

“మాటవరసకి అన్నానురా. అంత ఉలిక్కిపడ్డావేం? ఇంతకీ దుప్పటి కింద ఏంటది?”

“పుస్తకాలమ్మా.”

“పుస్తకాలకి చలేస్తోందా?”

“దుమ్ము. దుమ్ము పడకుండా.”

“అవి వ్యాఖ్యానాలు అత్తయ్యా. బైబిల్లో ఏ వచనానికి ఏమర్థమో వివరంగా రాసిన పుస్తకాలు. సంఘంవాళ్లు ఈయన కోసం కొన్నారు. రేపు చర్చిలోకి మోయించి, ఆరాధనలో ప్రార్థన చేసి తెరుస్తారు.”

“బంగారంలాంటి మాట. సరైన రోజుకే వచ్చాను. రేపు మంచి చీర కట్టుకుంటాను.”

“రేపు నువ్వు రావద్దులేమ్మా. ప్రయాణం చేసి అలసిపోయావు. పైగా మెట్లు.”

“ఉద్యోగం వచ్చిన రోజునుంచి రిటైరయ్యేదాకా ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగిన నర్సుని. మీ చర్చికి ఎన్ని మెట్లేంటి?”

“రెండు.”

“రెండా!”

“జనం ఎక్కువమ్మా. గాలాడదు.”

“సరేలే, రాను. నేనొస్తే అందరూ బెదిరిపోతారు కూడా.”

“బెదరడమెందుకు?”

“కొత్తమనిషిని కదా.”

“అత్తయ్యా, మరేం లేదు. ఎవరన్నా ఇంటికొచ్చి అడిగితే... మీరు ఈయనకి పెద్దమ్మ అవుతారని...”

“నేను వీడికి పెద్దమ్మనా?”

“రేపొక్కరోజే అత్తయ్యా.”

“అంటే నాకు నేనే అక్కనా? తియ్యి ఆ దుప్పటి.”

“అమ్మా, వద్దు. అమ్మా!”

“పక్కకి జరుగు. ‘పాస్టరుగారి... తల్లిగారి... జ్ఞాపకార్థం’. మంచి ఇత్తడి. బాగా రుద్దారు కూడా.”

“అమ్మా, అది... దాన్ని సందర్భంలో పెట్టి చూడాలి.”

“నేనూ అదే అడుగుతున్నాను. నేను పోయిన సందర్భం ఏంట్రా?”

“అది ఒక ఉదాహరణ అమ్మా. చెప్పేది మనసుకి తగలాలంటే... ప్రభువు కూడా ఉపమానాలు చెప్పాడు.”

“చెప్పాడు. వాళ్లమ్మని చంపలేదు.”

“అత్తయ్యా, కూర్చోండి. మంచినీళ్లు తాగండి.”

“ఇవ్వమ్మా. నువ్వేం కంగారుపడకు. నాకు ఇవాళ తెలిసింది కాదు. వీడి ప్రసంగాలు ఫోనులో వస్తాయిగా, మా పక్కింటావిడ చూపించింది. మీ అబ్బాయి ఎంత బాగా చెప్తున్నాడో చూడండని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను పోయిన దగ్గరికి వచ్చేసరికి నన్ను గిల్లి చూసింది.”

“తెలిసి కూడా ఒక్క మాట అనలేదేంటమ్మా?”

“ఫోనులో ఏమంటాను? ఎత్తగానే ‘అమ్మా, మీటింగులో ఉన్నాను’ అంటావు. అందుకే వచ్చాను. అయినా బాగా చెప్పావురా. నేనూ ఏడ్చాను.”

“నువ్వూ ఏడ్చావా?”

“చూశారా, అంత జరిగినా ఆ మాటకి ఈయన మొహం ఎలా వెలిగిందో!”

“వెలగనీ అమ్మా. చిన్నప్పటినుంచీ అంతే. ఒరే, ఒక్క సంగతి చెప్పు. ఆ రెండు కంచాల మాట నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదమ్మా.”

“మీ చెల్లి చెప్పిందా?”

“లేదమ్మా. అదిగో, ఆ పుస్తకంలో ఉంది. తల్లి అన్న శీర్షిక కింద. ఎవరో రాశారు, నేను చదివాను.”

“పుస్తకంలోనా?”

“పుస్తకంలోనే.”

“ఓహో. సరే అయితే.”

“అత్తయ్యా... ఏమైంది?”

“ఏం లేదమ్మా. వీడికెవరు చెప్పుంటారా అని ఆలోచిస్తూ వచ్చాను బస్సులో.”

“అమ్మా, నాది తప్పే. బుద్ధి గడ్డి తిని చేశాను. బీరువా పోతే పోనీ, పరువు పోతే పోనీ. రేపు నిన్ను ముందువరసలో కూర్చోబెట్టి అందరికీ చెప్పేస్తాను. ఇదిగో మా అమ్మ, నిక్షేపంగా ఉంది, ఆరోజు నేను చెప్పిన కథలో ఒక్క ముక్క కూడా మా అమ్మది కాదు, మొత్తం పుస్తకంలోదే అని.”

“అలా మాత్రం చెప్పకు నాన్నా, మళ్లీ అబద్ధమవుతుంది. సోమవారం వస్తానని నువ్వనడం నిజం. ప్రతి సోమవారం నేను రెండు కంచాలు పెట్టుకుని కూర్చోవడం నిజం. నీది కడిగి బోర్లించడం నిజం. పోవడం ఒక్కటే పుస్తకంలోది.”