పెళ్ళికారు పట్టీలు తళతళలాడిన రోజు

తాతా, పాలిష్ కొట్టు పెట్టినప్పుడు నీ చేతిలో ఎంతుండేది?

పద్దెనిమిదొందలు, అమ్మలూ! నాకప్పుడు లక్ష కింద లెక్క. తొంభైల మాట గదా. పన్నెండొందలెట్టి పాత మోటారు కొన్నాను, రెండొందలెట్టి దానికి తగిలించి మెరుగుపట్టే గుడ్డ చక్రాలు. మిగిలిన నాలుగొందలూ ఈ హిందీ ఊళ్ళోనే, ఖుర్సీపార్‌లో రేకుల కొట్టుకి రెండు నెలల అద్దె. ఈలోగా నిలదొక్కుకోకపోతే జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికే మళ్ళీ పోవాలని మీ నాయనమ్మ షరతు. పోతానా మరి!

మొదటి బేరం ఎవరనుకున్నావు? చరోదా రైల్వే గార్డుగారు. మన విజయనగరం ఆయనే. కాదు, బొబ్బిలి. సరే, ఏదో ఒకటి. వాళ్ళబ్బాయి పెళ్ళి, ఊరేగింపుకి సొంత కారు. కారు పక్కన అల్యూమినియం పట్టీలుంటాయి చూడు, అవి మసకబారిపోయాయి. "ఆదివారానికి అద్దంలా ఉండాలోయ్. పాడుచేసావో, ఇవి మళ్ళీ దొరకవు" అనీసి ఆరు పట్టీలూ ఊడదీసి నా చేతిలో ఎట్టారు.

నాను ఏటి చేసాను? ఇత్తడి బిందె తోమినట్టు చింతపండెట్టి తోమీసాను! నవ్వకు. మనోళ్ళకి మెరుపంటే చింతపండే గదా. తర్వాత రెండ్రోజులు మోటారు మీద పట్టాను. చక్రం అరిగింది గానీ పట్టీకి ఏటీ అవలేదు. కార్ల ఫ్యాక్టరీలో దాని మీద గట్టి పొర ఎక్కిస్తారట, గాజులాగ. అది ఉన్నంతసేపూ లోపలి లోహానికి చక్రం తగలదు. అప్పుడు నాకెవరు చెప్పారు?

జిడ్డేమో అనుకొని, సబ్బులు చేసే పక్కింటాయన దగ్గర కాస్టిక్ సోడా తెచ్చి, మీ నాయనమ్మ సత్తు గిన్నెలో నీళ్ళల్లో కలిపీసి, పట్టీ చివర ముంచాను. సత్తంటే ఏటి? అదీ అల్యూమినియమే గదా! గిన్నె బుసబుసా పొంగిపోయింది. "ఓరి నాయనోయ్, నా అన్నం గిన్నె!" అని ఆవిడ కేకలు. పట్టీ లాగి మంచినీళ్ళలో పడీసాను. చూస్తే, మునిగిన జానెడూ బొగ్గులాగ నలుపు. అయిపోనాది, ఇంక జాముల్ ఫ్యాక్టరీయే గతి అనుకున్నాను.

ఊరికే గుడ్డతో తుడిచాను. నలుపు ఊడొచ్చింది. చక్రానికి పట్టాను. అమ్మలూ! ఆ జానెడూ తళతళ! మిగతాదంతా మసకే. సోడా ఆ గట్టి పొరని తినీసిందన్నమాట! గిన్నెకి చిల్లు, నానేమో గంతులు! "గిన్నె పోతే గంతులేటి, మతి పోయిందేటి?" అంటాది ఆవిడ.

ఇంక చూడు. పట్టీ ఐదడుగులు, ఏ బకెట్లో పడతాది? ప్లాస్టిక్ పైపు ఓ చివర మూసి, వీధిలో నిలబెట్టి, సోడానీళ్ళు పోసాను. కళ్ళద్దాలు, రబ్బరు తొడుగులు, పెద్ద డాక్టరులాగ! ముందు పాతిനప కొట్లో తెచ్చిన ఓ విరిగిన పట్టీ ముక్క మీద లెక్క చూసాను: అర నిమిషం చాల్దు, మూడు నిమిషాలైతే గుంటలు, ఒకటిన్నర సరి. నాను అంకెలు పైకి అంటుంటే వీధివీధంతా నాతో హిందీలో లెక్క: "అఠాసీ, నవాసీ, నబ్బే!" తొంభైకి లాగడం! ఆరు పట్టీలకీ అదే పాట, ఆనక తుడిచి చక్రానికి పట్టడం.

శనివారం గార్డుగారు కారేసుకొచ్చారు. పట్టీలో చూసుకొని మీసం దువ్వుకున్నారు, నిజంగా! "భేషోయ్. మరి బంపరో?"

"అరగంట పనండీ" అనీసాను.

ఆయనటు తిరగ్గానే గోకి చూద్దునా, అది ఇనుము! మీద వేరే ఏదో పూత. నాకేటి తెలుసు దాని సంగతి? దుర్గ్‌లో బంపర్లకి ఆ పూత ఎక్కించే భయ్యా ఒకడున్నాడని విన్నాను. పేరు తెలీదు, వీధి తెలీదు. సైకిలు తీసి, చైను ఎక్కించి, పెడలు మీద కాలేసాను. తెల్లారేలోగా వాణ్ణి వెతికి, ఆ పని తెలుసుకోవాల గదా!