రొట్టె ముట్టని ప్రిస్కిల్లమ్మ

అధ్యక్షత వహించిన పాస్టర్ విక్టర్ గారికి, సంఘ పెద్దలకు, గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు మార్చుకుని మరీ వచ్చిన సోదరులకు, బిర్యానీ వాసన తగిలి వచ్చిన మిగతా సోదరులకు (నవ్వులు), అందరికీ వందనాలు. పాస్టర్ గారు ఇందాక ప్రార్థనలో నా గొప్పతనం గురించి దేవుడికి అరగంట చెప్పారు. అందులో సగం దేవుడికి కూడా కొత్త విషయాలే అయి ఉంటాయి.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ చర్చిలో సండే స్కూల్ నడిపి, ఈ రోజుతో దిగిపోతున్నాను. ప్రేమ, సమాధానం, దీర్ఘశాంతం, సాత్వికం అని గోడ మీద పళ్ల బొమ్మలు వేయించి, ఈ పళ్లు కాస్తేనే అది నిజమైన విశ్వాసమని మీ పిల్లల చేత, ఆ పిల్లల పిల్లల చేత కూడా వల్లె వేయించాను. నా చెట్టుకి ఏం కాసిందో మా ఆవిడ సీతమ్మనడగండి... వద్దులెండి, మైకు దగ్గరలోనే కూర్చుంది. (నవ్వులు)

తొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం, సాత్వికం మీద పాఠం చెబుతూనే, అల్లరి చేస్తున్న వెనక వరుస మీదకి డస్టర్ విసిరాను. చిన్న తరగతి చెప్పే ప్రిస్కిల్లమ్మ పరిగెత్తుకొచ్చి, "ఎవులి కన్నయినా పోతే ఏటి సేస్తావు సత్యరాజన్నా? ముందు నువ్వు నేర్సుకో సాత్వికం" అంది. అందరి ముందూ అంది కదా, తల కొట్టేసినట్టయింది. "నా సండే స్కూల్లో ఇంక అడుగు పెట్టకు" అన్నాను. నా సండే స్కూలట, మా తాత కట్టించినట్టు!

ఆ రోజు నుంచి ఆమె ఆఖరి బెంచీలో కూర్చుంటోంది. నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర, యేసు శరీరానికి గుర్తుగా పంచే రొట్టె పళ్లెం బెంచీ బెంచీకీ పట్టుకుని వెళ్లేది డీకన్‌గా నేనే. మనసులో గొడవ ఉన్నవాళ్లు ముందు సమాధానపడి రావాలన్నది మన పద్ధతి. ఆమె తల అడ్డంగా ఊపి పళ్లెం పక్కవాళ్లకి అందించేస్తుంది. నేను మాత్రం వెనక్కొచ్చి, ఉన్నవాటిలో పెద్ద ముక్క తీసుకుని భక్తిగా కళ్లు మూసుకుంటాను. ఎంత మొండిదో చూడండని పెద్దల దగ్గర ఆడిపోసుకున్నాను కూడా.

పోయిన నెల సీతమ్మ విజయనగరం ఆసుపత్రిలో ఉంటే, ఐదు రోజులూ పొద్దున్నే చోడి అంబలి పట్టుకొచ్చింది ఈ మొండి మనిషే. నాతో మాట్లాడకుండా, మిగిలింది తాగమని గిన్నె నా ముందు పెట్టేది. చివరి రోజు ఉండబట్టలేక అడిగాను, ఇంత చేసేదానివి రొట్టె ఎందుకు ముట్టవని.

"నీ మీద కోపం ఇంకా పోనేదన్నా. పోకుండానే పోయిందని దేవుడికి ఎలాగ సెప్తాను?" అంది.

అయ్యా, ఆమె నిజం చెప్పి ఖాళీ చేతులతో కూర్చుంటే, తొమ్మిదేళ్లు అబద్ధం నమిలి మింగింది నేను. సిగ్గుగా ఉంది. ప్రిస్కిల్లమ్మా, తప్పు నాది. అందరి ముందూ అన్న మాట కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను, క్షమించు. రేపు మొదటి ఆదివారం. నువ్వు ముట్టేదాకా నేనూ రొట్టె ముట్టను.

ఏమంటున్నావమ్మా? వినబడటం లేదు, ఎవరైనా వెనక్కి మైకు ఇవ్వండి.

"ఎలాగూ దిగిపోతన్నావు కదా, పిల్లల గది తాళం ఇలాగ తే. రొట్టి సంగతి రేపు సూద్దాం."

(చప్పట్లు)

తాళం నా జేబులోనే ఉంది. ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. దారివ్వండి, ఆఖరి బెంచీ దాకా వెళ్లాలి. సెలవు.