గోడవతలి నల్లమన్ను

ఎండలు ముదరకముందే కాలనీ తోటలో ఆమె మడిలోని పాలకూర జానెడు లేచింది. పక్క మడి అతను మన్ను పరీక్ష కాగితం జేబులో పెట్టుకుని వచ్చి, గట్టు మీద కూలబడ్డాడు. ఎలా చెప్పాలో తోచలేదు.

“ఏం తమ్ముడూ, నా పాలకూరకి దిష్టి పెడుతున్నావా?”

“కొయ్యకక్కా. ఆ కొడవలి కింద పెట్టు.”

“పొద్దున్నే ఏమయింది నీకు?”

“నువ్విచ్చిన నల్లమన్నుకి నా గులాబీలు మాడిపోయాయి.”

“నీ హస్తవాసి బాలేక మన్నునంటావేం? ఆ తోట గోడవతల నించి నడుం పడిపోయేలా మోసుకొచ్చాను. ఆ నలుపు చూడు, ఎంత సారమో!”

“సారం కాదక్కా. అక్కడ ఇదివరకు పాత బ్యాటరీలు పగలగొట్టేవాళ్ళట. మన్ను పరీక్షకి పంపాను. నిండా సీసమేనట. చిన్నపిల్లల మెదడుకి విషమట.”

“నేను కడిగే వండాను.”

“కడిగితే పోదు. మొక్క వేళ్ళతోనే తాగుతుంది. మీ మనవరాలికి పెట్టావా?”

“దానికోసమేగా వేసింది! రక్తం తక్కువన్నారని రెండు నెలలుగా రోజూ పెడుతున్నాను.”

“ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పిల్ల ఎలా ఉంది?”

“ఇదివరకు నానమ్మా అని ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఈమధ్య పిలవడం మానేసి ఊరికే కొంగు లాగుతోంది.”

అతను జేబులోంచి కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“వాళ్ళమ్మ వద్దనే అంది తమ్ముడూ. పిల్ల ఉమ్మేస్తుంటే, నేనే ముక్కు పట్టుకుని మింగించాను.”