లావుపాటి నవలలు

పుస్తకాల షాపు ముసలాయన్ని అతను కాలర్ పట్టుకుని ఈడ్చి అలమరకేసి బాదాడు. ముసలాయన పెదవి చిట్లి రక్తం కారింది.

"నా పెళ్ళాం ఎక్కడ్రా ముసలోడా? వారం వారం నీ దగ్గరికేగా వచ్చి చచ్చేది!"

"నీకోసమే వచ్చేది బాబూ. నువ్వు కింద పెట్టలేని నవల, బాగా లావుది ఏరి ఇమ్మనేది."

"నాకా? ఎందుకట?"

"పుస్తకం పట్టుకున్నంతసేపూ నీ చేతులు తనమీద పడవని."

ఒక గుద్దు పడింది. ముసలాయన వెనకున్న అలమర అద్దం భళ్ళుమంది.

"మరి ఈ వారం ఏది అంటగట్టావ్?"

"ఈసారి ఆ అమ్మాయి పుస్తకం అడగలేదు. వెనక తలుపు తీయమంది. తీశాను."

"ఎటు పోయింది? చెప్పు, చంపేస్తా!"

"కానియ్ బాబూ. నా దగ్గర కొనేవాళ్ళ సంగతులు ఇంకొకళ్ళకి నేనెప్పుడూ చెప్పలేదు."