కదలని మా ముత్తాత

"అబ్బే, నేను చేసింది పెద్దగా ఏం లేదు. ఆటగాళ్ళ గదిలో పాత బీరువా జరిపితే వెనకాల రేకు పెట్టె దొరికింది, అందులో ఈ ఫోటో. చొక్కా చేత్తో దుమ్ము తుడిచాను, అంతే," అని మొదలుపెట్టాడు డోడ్ పిరీ.

బయట వాన. గోల్ఫ్ మైదానం పక్కన ఎఫీ నడిపే టీ కొట్లో ఆ పూట ఉన్నది ముగ్గురే. యాభై ఏళ్ళు ఆటగాళ్ళ కర్రలు మోసి మానేసిన డోడ్, గడ్డి కోసే వాటీ, కౌంటరు వెనక ఎఫీ. ఆమె రాత ముత్యాల్లా ఉంటుందని ఫోటో కింద పెట్టే అట్టముక్క ఆమెకే అప్పగించారు క్లబ్బువాళ్ళు. సాయంత్రం ఫోటో క్లబ్బు గోడకెక్కుతుంది. అట్ట మీద పేరూ తేదీ ఇంకా ఖాళీ. డోడ్ ప్రాణమంతా ఆ ఖాళీ మీదే ఉంది.

"తుడిచేసరికి ఎదురుగా ఎవరనుకున్నావ్? మా ముత్తాత గావిన్ పిరీ! పొడుగు టోపీ పెట్టుకుని, కర్ర భుజం మీదికెత్తి, మన మొదటి గుంట దగ్గరే."

"ఆయన్ని నువ్వెప్పుడు చూశావ్?" అంది ఎఫీ.

"చూడక్కర్లేదు తల్లీ. ఆ ముక్కు చూడు, ఈ ముక్కు చూడు. సరే, ఎడింబరో నుంచి పాత ఫోటోలు తెలిసిన పెద్దమనిషి ఒకడు వచ్చాడు కదా, భూతద్దం పెట్టి మూడు గంటలు చూసి 'ఇంచుమించు పద్దెనిమిది వందల నలభైల్లోది' అని తేల్చాడు. ఇంచుమించట! నేను భూతద్దం కూడా ముట్టలేదు. వెనకాల ముళ్ళపొదలు విరగబూశాయి, గొర్రెలకి ఇంకా బొచ్చు తీయలేదు, అంటే మే నెల. ఇక ఆ నీడ ఉంది చూశావూ, దానితో నా నీడ సరిపోల్చడానికి అదే చోట, అదే కర్ర పట్టుకుని ఏడాది పొడుగునా రోజూ నిలబడ్డాను."

"ఏడాదా? పోయిన నెలేగా ఫోటో దొరికింది," అన్నాడు వాటీ.

"మధ్యలో అడ్డు రాకురా! నిలబడి నిలబడి లెక్క తేల్చాను. వెయ్యిన్నీ ఎనిమిది వందల నలభై మూడు, మే పద్నాలుగు, పొద్దున పదకొండూ ఇరవై. రాసుకో ఎఫీ."

ఎఫీ కలం తీసింది గానీ రాయలేదు.

"ఆ రోజుల్లో ఫోటో అంటే ఇప్పట్లా టిక్కుమనిపించడం కాదు. నిమిషం పాటు కదలకూడదు. కదిలినవాడు పొగలా మసకబారిపోతాడు. ఇదిగో, ఈ చివర ఎవడో కర్రలు చంకలో పెట్టుకుని కదిలిచచ్చాడు, మొహమే పడలేదు, వాణ్ణి వదిలేయ్. మా ముత్తాత మాత్రం కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. నిమిషమేమిటి, గంట! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫోటోవాడు కెమెరాకి మూత పెట్టడం మర్చిపోయి భోజనానికి పోయాడు. తిరిగొచ్చేసరికి ముత్తాత టోపీ మీద పిట్ట గూడు కట్టింది. గుడ్లు పెట్టింది. అవి పిల్లలయ్యేదాకా ఆయన కన్నార్పలేదు!"

"పాపం, చెయ్యి నొప్పెట్టలేదా?" అంది ఎఫీ.

"నొప్పా? ఆయన చర్చి పెద్ద కదమ్మా! మూడు గంటల ప్రసంగం కదలకుండా విన్న వొళ్ళది. నిష్ఠ అంటే అలాంటిలాంటిదా? దేవుడి రోజైన ఆదివారం కూసిందని కోడిపుంజుతో నెలరోజులు మాట్లాడలేదు. ఆయన కదలకపోవడం చూసి సముద్రం కూడా పోటు ఆపుకుంది. ఆయన కొట్టిన బంతి కూడా గాల్లో ఆగిపోయింది. ఇదిగో, ఈ తెల్ల చుక్క!"

"అది బూజు," అన్నాడు వాటీ.

ఎఫీ అడిగింది. "డోడ్, మన చర్చి రెండుగా చీలింది ఎప్పుడు?"

"అది తెలియనివాడెవడు? ఏటా పాస్టరు గారు వాయిస్తూనే ఉంటారు. అదే నలభై మూడు, మే పద్దెనిమిది, గురువారం."

"మరైతే పద్నాలుగు ఏ వారం?"

వాటీ వేళ్ళు మడిచాడు. "బుధ, మంగళ, సోమ... ఆదివారం!"

"ఆదివారం, పదకొండూ ఇరవై. సరిగ్గా ప్రసంగం వేళ," అంది ఎఫీ. "కోడిని క్షమించని చర్చి పెద్ద, ఊరంతా లోపల పాటలు పాడుతుంటే బయట గోల్ఫ్ ఆడుతున్నాడన్నమాట. ఇది గోడకెక్కిస్తే మీ ముత్తాత సమాధిలోంచి లేచొస్తాడు."

డోడ్ ఫోటోని తనవైపు లాక్కున్నాడు. చల్లారిన టీ కలిపాడు.

"నాలుగు తరాలు ఎఫీ," అన్నాడు. "ఈ క్లబ్బువాళ్ళ కర్రలు మోశాం, వాళ్ళ బంతుల కోసం ముళ్ళపొదల్లో దూరాం. ఆ గోడ మీద నలభై ఫోటోలున్నాయి. మా పేరు ఒక్కచోటా లేదు. బాధగా ఉండదా చెప్పు?"

ఎఫీకి జాలేసింది. ఫోటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చివరనున్న మసక మనిషిని పరీక్షగా చూసింది.

"చంకలో కర్రలున్నాయి. కాళ్ళూ చేతులూ స్పష్టంగానే ఉన్నాయి. చెడింది మొహం ఒక్కటే, అదీ ముక్కు కిందనుంచి. కదలొద్దని ఫోటోవాడు చెబితే అందరూ బొమ్మల్లా నిలబడ్డారు. వీడొక్కడు నిమిషం పాటు నోరు మూసుకోలేకపోయాడు." డోడ్ వైపు తిరిగింది. "ఈ ఊళ్ళో అలాంటి వంశం ఒక్కటే ఉంది."

వాటీకి టీ పొలమారింది.

ఎఫీ అట్ట మీద గుండ్రంగా రాసింది: "ఆటగాడు ఎవరో తెలియదు. పక్కన మాట్లాడుతున్నవాడు పిరీ."

డోడ్ రెండుసార్లు చదువుకున్నాడు. సంతోషంతో ముక్కు ఎర్రబడింది.

"మరి తేదీ?"

"ఆదివారం కాదు," అని రాసి ఎఫీ కలం మూసేసింది.