తడిబట్ట అక్కది అజాగ్రత్త కాదు

పెద్దలకు, తోటి ఉద్యోగులకు, ముందు వరుసలో కూర్చున్న బావగారికి, పాపకు నమస్కారం. ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గుమ్మం దాకా నిలబడ్డారు. అక్క ఉంటే "గుమ్మానికి అడ్డం నిలబడి గాలి ఆపకండర్రా" అని కసిరేది. ఆ కసిరే మనిషి ఇక లేదు.

ఏడవడానికే వచ్చాను. కానీ నిన్న మన వాతావరణ ఆఫీసు మెట్ల మీద డైరెక్టర్ గారు అన్న మాట విన్నాక ఏడుపు రావడం లేదు, ఒళ్లు మండుతోంది. "ఆవిడ అజాగ్రత్త వల్లే పడవలోంచి పడిపోయింది" అన్నారు. ఎవరిది అజాగ్రత్త? అక్కదా?

ఆమె పని ఏమిటి? అలకు కాస్త పైన గాలి ఎంత వేడిగా ఉంది, ఎంత తేమ మోస్తోంది అని కొలవడం. పొగమంచు కబురైనా, వాన కబురైనా అక్కడే మొదలు. ఒక థర్మామీటరు పొడిగా, ఇంకోదానికి తడిబట్ట చుట్టి. ఆ రెండింటి తేడాను బట్టే తేమ లెక్క. బట్ట మీద ఉప్పు తుంపర పడినా, సబ్బు అంటినా లెక్క తప్పుతుంది, అందుకని ప్రతిసారీ బట్ట మార్చేది. అలాగే మా అందరికీ తడిబట్ట అక్క అయింది. బావగారు ఒకసారి ప్రేమకొద్దీ ఆ బట్టలన్నీ సబ్బుతో ఉతికి ఆరేశారు. ఆ సాయంత్రం ఇంట్లో తుఫాను హెచ్చరిక ఎగరేయాల్సి వచ్చిందట! నవ్వండి బావగారూ, ఆమె కూడా నవ్వుతూనే చెప్పింది మాకు.

పడవలో నేను టీ గ్లాసుతో గాలి వచ్చే వైపు నిలబడితే, "ఒరేయ్ తమ్ముడూ, నీ టీ ఆవిరి కొలవడానికి రాలేదు, అవతలికి పో" అని తరిమేది. మా ఊపిరి కూడా తగలనిచ్చేది కాదు. ఈమెదా అజాగ్రత్త?

పరికరాన్ని పడవకు దూరంగా, నీళ్ల మీదికి చాచి పట్టే గొట్టం విరిగింది. కొత్తది అడిగింది. మళ్లీ అడిగింది. "డెక్కు మీదే కొలవండి, ఆ కాస్త తేడాకే కొంపలంటుకుంటాయా?" అన్నారు డైరెక్టర్ గారు. "డెక్కు మీద కొలిస్తే ఇనుము వేడి తెలుస్తుంది సార్, సముద్రానిది కాదు" అంది అక్క. అబద్ధపు అంకె రాయడానికి మనసొప్పక, గొట్టం బదులు తన చేయి చాచింది. ఆనుకున్న రెయిలింగు తుప్పు పట్టి ఉంది. ఊడింది. గొట్టం ఇవ్వనిది ఎవరు? రెయిలింగు చూడనిది ఎవరు?

విచారణ ఇంకా ముగియలేదు. ఆ మాటే ఖాయమైతే, మా అమ్మ తన అజాగ్రత్త వల్లే పోయిందని పాప బతుకంతా అనుకోవాలి. అది నేను ఒప్పుకోను. మీరు ఒప్పుకుంటారా?

లేవండి. అక్కను తలుచుకుని రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడవద్దు. ఆ తర్వాత మళ్లీ కూర్చోవద్దు. నేరుగా డైరెక్టర్ గారి గదికి వెళదాం. ఆ మాట వెనక్కి తీసుకుని, పాప ముఖం చూసి నిజం చెప్పేదాకా అక్కడి నుంచి కదలవద్దు.