బోరింగు పక్కన ఫోటో

నేను చెప్పేదాంట్లో ముప్పావు గాలేనని మా యింటిది పెళ్లయిన మూడోనాడే కనిపెట్టింది. ఓబుళేశంటే అంతే. అయినా మొన్న కంబన్న టీకొట్టు కాడ నోరు ఊరకుండలే, ఎత్తుకున్నా.

"కంబన్నా, నా టీలో చక్కెర తగ్గించప్పా, కోపంగా ఉండా. మన వీధి బోరింగు చెడి నలభై దినాలు. నీళ్ల ఆఫీసోళ్లు ఫేస్‌బుక్కులో పేజీ పెట్టిరి గదా, 'మీ సమస్యను ఫోటో తీసి పెట్టండి, పాలనలో పాలుపంచుకోండి' అని. ఎవురూ పెట్టలే. నేను పెట్టినా. ఒక్క ఫోటో!"

"లైకులెన్నొచ్చె?" అన్నాడు కంబన్న.

"టీ చల్లారకముందే నాలుగు నూర్లు! బద్వేలు నుంచి ఒకాయప్ప ఫోన్ చేసి ఏడ్చె, 'అన్నా, నీ ఫోటో చూసి దిగులుతో మా బోరింగు గూడా ఎండిపాయె' అని. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? ఆఫీసోళ్లు జవాబు పెట్టిరి. ఏం జవాబు? దండం పెట్టే బొమ్మ! 'మీ భాగస్వామ్యానికి ధన్యవాదాలు' అంట. ఒళ్లు మండింది. నీళ్లు యాడ అని మళ్లా రాసినా. మళ్లా దండం. ముప్పైసార్లకు ముప్పై దండాలు. దండాలు తాగితే దప్పిక తీరుతాదా?"

"అది మాత్రం నిజం," అన్నాడు బెంచీ మీద గోపన్న.

"ఆ కోపంలో ఇంకొకటి రాస్తి చూడు, ఫోను పెనంలా కాలింది. మా యింటిది దాని మీద రెండు దోసెలు పోసె. ఆ వేడి పోయి ఆఫీసరు ఫోనుకు తగిలి ఆయప్ప చెయ్యి బొబ్బలెక్కె. ఫోను ఆపేసినా మోగుతాదే! కారెక్కి గండికోటకు పోయి లోయలోకి విసిరేసె. పెన్నేటి నీళ్లలో పడి గూడా 'ఓబుళేశు రాసినాడు, ఓబుళేశు రాసినాడు' అని అరుస్తాంటే పెన్నకు సిగ్గేసి, వెనక్కు తిరిగి, కొండలెక్కి, మన ఊరి దావ పట్టింది!"

"యాడికొచ్చిందిప్పుడు?" కంబన్న అడిగె.

"పొలిమేరలో ఉండాది."

నా వెనక ఠంగుమని శబ్దం. మా వీధిలో ఉండే మహిమ రెండు ఖాళీ బిందెలు బెంచీ మీద పెట్టింది. ఎప్పటినుంచి వింటాందో.

"పెన్న సంగతి తర్వాత, ఓబుళేశన్నా. పొద్దున నేను ఆ ఆఫీసుకు పోయొచ్చినా. బోరింగు బాగుచేయండి సార్ అంటే, 'బాగైపోయింది గదమ్మా' అని నీ ఫోటో చూపిచ్చె. ఇస్త్రీ చొక్కా, దువ్విన మీసం, ముందర రెండు నిండు బిందెలు. ఇన్ని నీళ్లుంటే సమస్యేందని ఫిర్యాదు మూసేసిరంట. 'జనం ముఖాల్లో చిరునవ్వు' అని రాసి, అదే ఫోటోను వాళ్ల పేజీలో పైన పెట్టుకున్యారు."

కంబన్న నా చొక్కా దిక్కు చూసె.

"ఖాళీ బిందెలు ముందర పెట్టుకుంటే అపశకునమంటివి. నాతోనే నింపిస్తివి. పుల్లయ్య చేను కాడినుంచి మూడు కిలోమీటర్లు మోసుకొస్తిని. ఫోటో అయినాక ఆ నీళ్లతో కాళ్లు కడుక్కుంటివి. ఇంట్లో మా యమ్మకు జరం, మాత్రకు నీళ్లు లేవు ఆ పొద్దు."

నేను కాళ్లు వెనక్కు లాక్కున్నా.

మహిమ బిందెలు రెండూ నా చేతికిచ్చింది.

"పెన్న పొలిమేర దాకా వచ్చిందంటివి గదా. పో, ముంచుకొని రా."